పొత్తిగుడ్డ

దేవరపాలెం,
శ్రీకాకుళం తాలూకా,
1921 ఆగస్టు 14.

చెల్లెలు పైడితల్లికి,

అన్న కూర్మనాథం దీవించి రాస్తున్నాను. ఇక్కడ అంతా కులాసా. అక్కడ నువ్వూ, కన్నారావు బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మీ వదిన సూర్యావతికి ఆరో నెల. ఇన్నేళ్ళకి ఇదైనా నిలబడితే చాలునని మేము మొక్కని దేవుడు లేడు. అది గడప దాటినా నాకు గుండె దడగా ఉంటోంది.

ఇక అసలు సంగతి. నేను బోర్డు బడిలో పంతులు పని వదిలేశాను. "ఏటి బాబూ, బంగారంలాంటి కొలువు ఒగ్గీసినావు?" అని ఊరంతా వచ్చి పరామర్శించింది, ఇంట్లో ఎవరో పోయినట్టు. సర్కారు జీతం తింటూ పిల్లలకి దేశం గురించి ఏం చెప్పను? ఒంటిమీద ఖద్దరు తప్ప ఇంకో గుడ్డ పడనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. ఊళ్ళో రాట్నాల పాక వేశాం. దూలాలూ, రాట్నాలూ, పత్తీ అన్నీ మన ఊరివాడే అయిన బంగారయ్య మేస్త్రి మీ రంగూను నుంచి డబ్బు పంపి ఇప్పించాడు. రేవులో అంతమంది కూలీల మీద పెత్తనం చేస్తూ కూడా ఊరిని మరిచిపోలేదు చూడు.

ఆయన తన కొట్టులో ఖద్దరు కూడా పెట్టాడట. నువ్వు ఇకనుంచి తెల్లవాళ్ళ సీమ గుడ్డ మానేసి అక్కడే కొను. నా చెల్లెలు మిల్లు కోక కట్టుకుని తిరుగుతోందని ఎవరైనా అంటే నేను అరుగు మీద కూర్చుని నలుగురికీ ఏం చెప్పను? నీ ఉత్తరాలు వస్తే ఇప్పటికీ అరుగు మీదే చదువుతున్నాను. మన ఊరి నోట రంగూను రంగమే కదా, రంగం కబుర్లంటే చెవులు కోసుకుంటారు. బంగారయ్య మామగారైతే చెముడు కాబట్టి నా మోకాలికి ఆనుకుని కూర్చుంటాడు.

బావని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న
కూర్మనాథం


రంగూను,
మింగళ తౌంగ్‌న్యున్,
1921 సెప్టెంబరు 3.

అన్నకి పైడితల్లి నమస్కారాలు.

ఉత్తరం అందింది. వదిన సంగతి చదివి డా మ్యా కొట్టు ముందు నిలబడే ఏడ్చేశాను. డా మ్యా అంటే మా వీధి చివర బియ్యం, ఎండుచేపలు అమ్మే బర్మా ఆవిడ. ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. మంచి కబురేనని నా వచ్చీరాని బర్మా మాటల్లో చెబితే నెత్తిన ఒక్కటి మొట్టి, ఒక ఎండుచేప చేతిలో పెట్టింది.

కొలువు వదిలేశావు, సరే. దేశం కోసం వదిలేశావు, అదీ సరే. వదిన కడుపుతో ఉన్నప్పుడే నీకు తీరిక దొరికిందా? అది ఏం తింటోందో రాయలేదు, ఏం కడుతోందో మాత్రం పేజీ నిండా రాశావు.

నేనేం తింటున్నానో చెబుతాను విను. మీ బావ పొద్దస్తమానం రేవులో బియ్యం బస్తాలు మోస్తాడు, ఇంటికొచ్చి నూకల అన్నం తింటాడు. బియ్యం కొనే స్తోమతు మాకు లేదు. ఇక్కడివాళ్ళు చేపల్ని ఊరబెట్టి నప్పి అని చేస్తారు. వచ్చిన కొత్తలో ఆ వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు చిటికెడు నప్పి ఉంటే రెండు పూటలూ గడిచిపోయినట్టే. గంజి పారబొయ్యను. బట్టలకీ పెట్టను, తాగుతాం. గుడ్డ కొనేది ఏడాదికి ఒకసారి. మిల్లు కోక ఎందుకంటే అది చవక, పైగా పలచన. ఇక్కడ వాన మొదలైతే ఆరు నెలలు వదలదు. ఖద్దరు కోక తడిస్తే దాని బరువుకి దండెం తెగుతుంది, మూడో రోజుకి కూడా ఆరదు. మార్చి కట్టుకోవడానికి రెండోది కొనలేను. తడి కోకతో నిలబడమంటావా?

ఖద్దరంటే నాకు చేదు కాదు. అమ్మ వడికిన నూలు కట్టి పెరిగినదాన్ని. కానీ బంగారయ్య కొట్టు గడప తొక్కను. ఎందుకని అడక్కు. అరుగు మీద చదివే ఉత్తరంలో అన్నీ రాయలేను.

రేవులో పనిచేసే మన ఊరి సన్యాసి ఈ స్టీమరుకి ఊరొస్తున్నాడు. అతని చేతికి మూట ఇచ్చాను. అందులో ఒక ఎర్ర కోక ఉంది. పుట్టబోయే బిడ్డకి మేనత్త పెట్టే పొత్తిగుడ్డ. చింపి, ఉతికి, ఎండలో వేసి దాచమని వదినకి చెప్పు. అదేమిటో నేను రాయను. చేత్తో పట్టుకుంటే నీకే తెలుస్తుంది.

కోపగించుకోకు. కోపగించుకున్నా సరే, ఉన్న మాట రాశాను.

నీ చెల్లెలు
పైడితల్లి


దేవరపాలెం,
1921 అక్టోబరు 9.

పైడితల్లికి,

నీ ఉత్తరం అరుగు మీద చదవలేదు. చదివి ఉంటే తల ఎక్కడ పెట్టుకునేవాణ్ణి? "రంగం ఉత్తరమొచ్చినాదట, సదవవేటి?" అని వారం రోజులు అడిగారు. తడిసి అక్షరాలు చెరిగిపోయాయని అబద్ధమాడాను. పంతులు పని చేసినన్నాళ్ళూ ఆడని అబద్ధం నీ వల్ల ఆడాను.

నువ్వు చెప్పకపోయినా సంగతులు తెలుస్తూనే ఉంటాయి. బంగారయ్య మేస్త్రి నాకు రాశాడు. నువ్వు ఆయన కొట్టుకి వెళ్ళకపోవడమే కాదు, మీ లైనులో, ఆ కూలీల వరస ఇళ్ళలో, ఉన్న ఆడవాళ్ళెవరినీ వెళ్ళనివ్వడం లేదట. ఖద్దరు మాటెత్తితే మండిపడుతున్నావట. మనవాడి కొట్టు విడిచిపెట్టి ఎవరో బర్మా ఆవిడ దగ్గర ఎక్కువ ధర పెట్టి మరీ కొంటున్నావట. డబ్బు లేదని నాకు రాస్తావు, అక్కడేమో ఎక్కువ ధర ఇస్తావు! ఇందులో నాకు అర్థమయ్యేది ఏమైనా ఉందా? అరుగు మీద చదవలేని సంగతి అంటూ ఉంటే అది సిగ్గుపడవలసిన సంగతే అయి ఉంటుంది.

మొన్న సంతనాడు సీమ గుడ్డల హోమం చేశాం. మూడు ఊళ్ళ జనం వచ్చారు. అందరి ఇళ్ళనుంచీ గుడ్డలు తెమ్మని అడిగేవాడి ఇంటి గుడ్డ ముందు పడాలి కదా. సన్యాసి తెచ్చిన మూట విప్పాను. నిప్పులాంటి సీమరంగు, పైగా స్టీమరులో వచ్చిన గుడ్డ. ఇంక చూడవలసింది ఏముంది? కర్రతో ఎత్తి నలుగురికీ చూపించి మంటలో వేశాను. చేత్తో ముట్టలేదు. "ఇది నా తోడబుట్టినది పంపిన గుడ్డ" అని చెప్పేసరికి జనం జేజేలు కొట్టారు. ఆ తరవాత తలపాగాలూ, రవికలూ, పంచెలూ ఒకటే వాన.

మీ వదిన మాత్రం అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. కంచం నేలమీద పెట్టి కాలితో తోస్తోంది. మూట వచ్చిన రోజే విప్పి ఆ కోకని చెంపకి ఆనించుకుని కూర్చుందని పక్కింటివాళ్ళు అన్నారు. ఆడవాళ్ళకి రంగు కనిపిస్తే చాలు.

బంగారయ్యకి జవాబు రాశాను. మీ లైనులో అందరి ముందూ చదివి వినిపించమన్నాను. ఆయన కొట్టులో కొన్నదేదైనా దేశానికి చేసిన సేవేననీ, ఈ విషయంలో నా సొంత చెల్లెలి మాట కూడా వినవద్దనీ రాశాను. సొంత చెల్లెలి మీద అలా రాయడం తేలిక కాదు. అయినా రాశాను.

అన్న
కూర్మనాథం


రంగూను,
1921 అక్టోబరు 30.

అన్నా,

ఈ ఉత్తరంలో కులాసా ప్రశ్నలు లేవు.

దీన్ని అరుగు మీద చదువు. అక్షరాలు చెరిగిపోయాయని చెప్పకు, సిరా గట్టిగా ముంచి రాస్తున్నాను. బంగారయ్య మామగారిని నీ మోకాలి దగ్గరే కూర్చోబెట్టుకో. చెముడు కదా, ఆయన చెవిలో అరిచి చదువు.

దేముడు నీకు తెలుసు. నీ బడిలో ఎక్కాలు అప్పజెప్పలేక గోడకుర్చీ వేసినవాడు. వానల్లో పడవలోంచి రేవు మీదికి వేసిన బల్ల జారి, బస్తాతో సహా కింద పడ్డాడు. మోకాలి కింద ఎముక నుజ్జయింది. బంగారయ్య ఆ రోజు సాయంత్రమే వాడి పేరు కొట్టేశాడు. మీ బావా, ఇంకో నలుగురూ అడగడానికి వెళితే, "నడవలేనోడికి కూలేటి? నానేటి సత్రం ఎట్టినానా?" అన్నాడు. ఊరికి పంపించమంటే, స్టీమరు తన బాబుది కాదన్నాడు. నీ పాకకి దూలాలు ఇచ్చిన చెయ్యి అదే.

ఆడవాళ్ళం కొళాయి దగ్గర కూర్చున్నాం. వాడు కూలీ ఇచ్చే చేత్తోనే కొట్టు నడిపి ఆ కూలీ లాక్కుంటాడు. ఉప్పు, నూకలు, నూనె అన్నీ వాడి దగ్గరే కొనాలి, లేకపోతే మొగుళ్ళకి మర్నాడు పని ఉండదు. ఖద్దరూ అంతే. అడగకుండా మనిషికో పంచె అంటగట్టి కూలీలో కోసుకున్నాడు. మీ బావ పంచె గూట్లో అలాగే ఉంది, కట్టుకోవడానికి ఆయనకి ఒళ్ళు మండుతోంది. దేముడిని ఊరికి చేర్చి, వాడు బతికే దారి చూపించేదాకా బంగారయ్య కొట్టులో చిటికెడు ఉప్పు కూడా కొనకూడదని లైనంతా ఒట్టేసుకున్నాం. అందరం ఒక్కటిగా ఉంటే అందరి మొగుళ్ళనీ పనిలోంచి తీసెయ్యలేడు కదా. డా మ్యా దగ్గర ధర ఎక్కువే. తెలిసే ఇస్తున్నాం. ఆ ఎక్కువ కోసం నేను ఒక పూట గంజితో సరిపెట్టుకుంటున్నాను. డా మ్యా వాళ్ళ దేశపు నేత రవికే తొడుగుతుంది, నీకున్న పట్టుదల ఆవిడకీ ఉంది. నా కోక ఏ మిల్లుదని ఆవిడ ఏనాడూ అడగలేదు. దేముడు ఎలా ఉన్నాడని మాత్రం రోజూ అడుగుతుంది.

నువ్వు సీమ గుడ్డతో చేస్తున్నది నేను ఉప్పుతో చేస్తున్నాను. ఒక్క తేడా ఉంది. నాకు జేజేలు కొట్టేవాళ్ళు లేరు.

అరుగు మీద ఎందుకు రాయలేనన్నానో ఇప్పుడు తెలిసిందా? అక్కడ వాడి మామగారు కూర్చుంటాడు. ఇక్కడ మీ బావ పని పోతుంది. సిగ్గుపడవలసిన సంగతి అన్నావు. సిగ్గు ఎవరికి?

పోయిన ఆదివారం బంగారయ్య తెల్ల టోపీ పెట్టుకుని, కొట్టు ముందు పెట్టె మీద ఎక్కి నీ ఉత్తరం చదివాడు. "కూర్మనాథం పంతులు రాసినాడు, ఇనండి! సొంత సెల్లి మాటే ఇనొద్దంతన్నాడు!" అని ఆ ముక్క రెండుసార్లు చదివాడు. ఈ లైనులో సగంమందికి నువ్వు పేరు రాయడం నేర్పావు. నీ మాటంటే వాళ్ళకి వేదం. అందరూ నా మొహం చూశారు. నేను నేల చూశాను. ముందు తాయారమ్మ లేచింది. దానికి అయిదుగురు పిల్లలు. "నానేటి సెయ్యను పైడితల్లీ, పంతులే అన్నాడు గదా" అని తట్ట పట్టుకుని వాడి కొట్టులోకి పోయింది. దాని వెనక ఇంకొకతె. మూడు ఇళ్ళు మిగిలాం. దేముడు ఇదంతా మా లైను అరుగు మీద పడుకుని చూస్తూనే ఉన్నాడు.

ఇక ఆ ఎర్ర కోక.

అది అమ్మది. నేను స్టీమరు ఎక్కే ముందు తన పెట్టెలోంచి తీసి ఇచ్చిన తెల్ల కోక. కొండపత్తి తెచ్చి, వాలుగ చేప దవడ ఎముకతో గింజ గింజా దువ్వి, ఏకులు చేసి వడికిన నూలు. ఆ దవడ ఎముక దొంగిలించి ఇసకలో గీతలు గీస్తున్నావని నీ వీపు మీద అమ్మ కదురు విరిగింది, మరిచిపోయావా? ఆ కోక నేను కట్టలేదు. నా పిల్లలిద్దర్నీ పుట్టగానే దాంట్లోనే పడుకోబెట్టాను. అమ్మ లేకపోయినా అమ్మ ఒళ్ళో పడ్డారు అనుకున్నాను. నీ బిడ్డకీ ఆ ఒడి ఉండాలనుకున్నాను. పురిటికి తెల్లగుడ్డ పంపకూడదు కదా, అందుకని ఇక్కడి లత అనే పేటలో అద్దకంవాడి దగ్గరికి తీసుకెళ్ళి ఎర్రరంగు వేయించాను. ఆ నెల కిరసనాయిలు మానేసి చీకట్లో వండాను.

చేత్తో పట్టుకుంటే నీకే తెలుస్తుందని రాశాను. కర్రతో ఎత్తావు.

వదినకి తెలిసింది. చెంపకి ఆనించుకోగానే దానికి తెలిసింది. దాన్ని అడిగావా?

సొంత నూలు, సొంత నూలు అని ఊరూరా చెబుతూ అమ్మ చేతి నూలు తగలబెట్టావు. నువ్వు చదువుకున్నవాడివి, దీనికి మంచి పేరు ఏదైనా ఉంటే రాయి. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే. ఆ అక్షరాలతోనే నిన్ను తిడుతున్నాను. చెల్లెలు అని సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

పైడితల్లి


దేవరపాలెం,
1921 డిసెంబరు 4.

చెల్లీ,

చదివాను. అరుగు మీదే చదివాను. దేముడి ముక్క వచ్చేసరికి వాళ్ళ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బంగారయ్య మామగారు సగంలోనే లేచి, "ఆడోళ్ళ ఏడుపులు అరుగు మీద సదువుతావేటి, సిగ్గు నేదూ?" అని కర్ర నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. అంత చెముడున్నవాడికి ఒక్క ముక్క తప్పకుండా వినపడింది. అమ్మ కోక దగ్గరికి వచ్చేసరికి కాగితం దించేశాను. సన్యాసి చేత చదివించాను. వాడు కూడబలుక్కుని చదివాడు. అది ఇంకా బాధ అయింది.

కోపంలో పాక ఊడబీకి దూలాలు వాడి ఇంటి ముందు పడేశాను. మర్నాడు వడికే ఆడవాళ్ళంతా మా వాకిట్లో నిలబడ్డారు. "నీకు కోపమొస్తే పాక పీకీసినావు. మా నూలెవుడు కొంతాడు పంతులూ? మా పిల్లలేటి తింతారు?" అని అడిగారు. నాకు కోపం వస్తే ఎప్పుడూ ఇంకొకళ్ళ సొమ్మే పోతుంది, చూడు. ఇప్పుడు మా నడవలోనే ఆరు రాట్నాలు పెట్టించాను. పత్తి ఎక్కడినుంచి వస్తుందో తెలియదు.

సంత జరిగే చోటికి కూడా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నన్ను అడగకు. వానకి బూడిదంతా కొట్టుకుపోయింది.

మీ వదిన ప్రసవించింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. నేను ఒట్టు తప్పకూడదని కొత్త ఖద్దరు ముక్కలే పొత్తిగుడ్డలకి ఇచ్చాను. పాతవి ఇంట్లో ఏమున్నాయి, అన్నీ నేనే కదా మంటలో వేశాను. పిల్ల ఒళ్ళు లేతది. వీపంతా దద్దుర్లు, ఎర్రగా కమిలిపోయింది. పగలూ రాత్రీ ఒకటే ఏడుపు. నిన్న మీ వదిన నాతో మాట్లాడింది, ఇన్నాళ్ళకి. "గుంట ఒళ్ళు సూడు. నీ ఒట్టు నీ ఒంటిమీద ఎట్టుకో. మీ సెల్లికి రాయి, మెత్తటి గుడ్డ ఉంటే అంపమను" అంది. ఆ తరవాత మళ్ళీ మాట లేదు.

దీనితో ఇంకో ఉత్తరం కలిపి పంపుతున్నాను. అది మీ లైనుకి. నేను ముందు రాసింది తప్పనీ, బంగారయ్య కొట్టులో ఏదీ కొనవద్దనీ, నా చెల్లెలి మాట వినమనీ రాశాను. అందరి ముందూ చదువు. సమయానికి అందితే బాగుండును.

నన్ను క్షమించమని రాయలేను, ఆ మాట చాలదు. తిట్టాలంటే తిట్టు, కానీ రాయి.

కూర్మనాథం


రంగూను,
1921 డిసెంబరు 25.

అన్నా,

సమయానికి అందలేదు.

నీ మొదటి ఉత్తరం బంగారయ్య పెట్టె ఎక్కి చదివాడు, రెండోది నేను కొళాయి దగ్గర నిలబడి చదివాను. అందరూ విన్నారు. తాయారమ్మ ఏడ్చింది కూడా. విని, బిందెలు ఎత్తుకుని, మళ్ళీ వాడి కొట్టుకే వెళ్ళారు. అప్పటికే అందరి ఇళ్ళలోనూ వాడి నూకలే ఉడుకుతున్నాయి. ఒకసారి విరిగిన కట్టు మళ్ళీ కట్టాలంటే ఎంత కష్టమో నీకు తెలియదు. నువ్వు ఒక్క ఉత్తరంతో విరిచావు, ఒక్క ఉత్తరంతో అతుకుతుందనుకున్నావు. బంగారయ్య దేముడికి పైసా ఇవ్వలేదు, ఇవ్వడు. మీ బావని రేవులో పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు ఇన్సేన్‌లో రైలు కర్మాగారం దగ్గర రోజుకూలీకి వెళుతున్నాడు. దొరికిన రోజు దొరుకుతుంది.

నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. పొద్దున్న పొయ్యి రాజేస్తే చాలు, అమ్మ కోక గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది. ఇది తగ్గడానికి చాలా కాలం పడుతుంది, నువ్వు తొందరపెట్టకు.

ఈ ఉత్తరం తెస్తున్నది దేముడే. మేము మిగిలిన మూడిళ్ళ వాళ్ళమూ, డా మ్యా కలిసి వాడిని స్టీమరు ఎక్కించాం. డా మ్యా దారికి ఎండుచేపలు కట్టింది. ఎక్కబోతుండగా తాయారమ్మ వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, వాడి మూటలో గుప్పెడు బియ్యం పోసి వెళ్ళిపోయింది. బియ్యమే, నూకలు కాదు. వాడు కర్ర ఊతంతో కుంటుతూ నీ వాకిట్లోకి వస్తాడు. పీట వేసి అన్నం పెట్టు. అరుగు మీద కూర్చోబెట్టి, రేవు సంగతులు వాడి నోటితోనే చెప్పనియ్యి. బంగారయ్య మళ్ళీ కూలికి కుర్రాళ్ళని పోగెయ్యడానికి ఊరొస్తాడు కదా, వాళ్ళు స్టీమరు ఎక్కే ముందు దేముడి కాలు చూడాలి. నువ్వు చెయ్యగలిగింది ఇంకా ఏమైనా ఉంటే అదే. నడవలో రాట్నాలు పెట్టావు, బాగుంది. ఆ నూలు కొనేవాళ్ళని వెతుకు, వినేవాళ్ళని కాదు.

వదిన అడిగిన గుడ్డ దేముడి మూటలో ఉంది. నీకు దాచి పంపడం నాకిష్టం లేదు, ముందే చెబుతున్నాను. అది సీమ మిల్లు కోక. నాదే, కట్టుకునేది. కట్టి కట్టి, ఉతికి ఉతికి వెన్నలా అయింది. నాకింక ఒక్కటే మిగిలింది, అది ఆరేదాకా కన్నారావు పంచె చుట్టుకుని గదిలో కూర్చుంటాను. అదే, బంగారయ్య అంటగట్టిన ఖద్దరు పంచె. చివరికి దానికీ ఒక పని దొరికింది.

మూట వదిన చేతికి ఇవ్వు. ఈసారి నువ్వు కూడా ఒకసారి చేత్తో పట్టుకుని చూడు. పిల్లని అందులో పడుకోబెట్టండి. ఏడుపు ఆగిందో లేదో వదిన చేత రాయించు.

ఆ తరవాత ఎప్పుడైనా నీ ఒట్టు గుర్తొచ్చి ఆ గుడ్డని కాల్చాలనిపిస్తే, ముందు పిల్లని దాని మీంచి ఎత్తుకో.

నీ చెల్లెలు
పైడితల్లి